టోఫు మీద ముల్లంగి మొలకలు

జపాన్‌లో మితో ఊరు. విరిగిన సూదుల్ని మెత్తటి సోయా గడ్డ టోఫులో గుచ్చి సాగనంపే సూదుల పండగ రోజు. వంటింట్లో ముగ్గురున్నారు: కిమోనోలు కుట్టే ఫుసాయె, ఆమె కోడలు కజుయో, విశ్వవిద్యాలయంలో మొక్కల మీద పరిశోధన చేసే మనవరాలు చినామి.

“అత్తయ్యా, అది పులుసులోకి తెచ్చిన టోఫు!”

“ఇవాళ సూదులది. ఏడాదంతా గట్టి బట్టల్లో దూరి దూరి విరిగాయి పాపం. మెత్తటి పడక వద్దూ?”

“పదకొండు సూదులకి మొత్తం టోఫూ? సగం చాలదా?”

“చాలదు. బోసిగా ఉందని పైన నాలుగు మొలకలు కూడా పెట్టాను. చూడు, ఎంత ముద్దుగా ఉన్నాయో!”

“మొలకలా? నాన్నమ్మా, కిటికీలోవి కాదు కదా?”

“కిటికీలోవే చినామీ. నువ్వు ఇంటికి కూర తెచ్చావని మురిసిపోయాను కూడా.”

“కూరేంటి! రేపు బడిపిల్లలకి చూపించాలవి. ప్రయోగశాలలో కిరణాలు పట్టించి తెచ్చాను!”

“కిరణాలా? ఓ గుప్పెడు నోట్లో వేసుకున్నానే!”

“ఇంక దీపం ఎందుకత్తయ్యా, మీ వెలుగులోనే వండేస్తాను.”

“అమ్మా, నువ్వూరుకో. కిరణం దూసుకుపోతుంది నాన్నమ్మా, అందులో ఏమీ మిగలదు. నీకేం కాదు.”

“మరి వాటికీ ఏం కానట్టే ఉందే?”

“కాకేం, కణాల్లో డీఎన్‌ఏ పోగులు తెగాయి. తెగగానే ఎదగడం ఆపేశాయి. మూడు రోజులు గుడ్లప్పగించి కూర్చుని, తెగింది అతుక్కున్నాక మళ్ళీ లేచాయి.”

“పని ఆపి, కుట్టు సరిచేసుకుని…”

“అంతే! మన ఒంట్లోనూ అదే పద్ధతి. ‘ఆపండర్రా’ అని కేకేసే మేస్త్రి మనకొకడు, ముల్లంగికొకడు. సూదీ దారం మాత్రం చాలావరకు ఒకటే.”

“అంటే ముల్లంగీ నేనూ ఒకటే కుట్టుపనివాళ్ళమన్నమాట!”

“మీ కాళ్ళు చూసి నేనెప్పుడో అనుకున్నానత్తయ్యా.”

“నా కాళ్ళు ముల్లంగులైతే నీవి గుమ్మడికాయలే కజుయో!”

“అబ్బా, నవ్వించకండి, కడుపు నొప్పి! నాన్నమ్మా, ఒక్కమాట విను. నీ రొమ్ములో గడ్డ తీసి ఆరు వారాలైంది. ఇంకా ఎక్కడైనా జబ్బు కణాలు దాక్కుని ఉంటే, వాటికి ఆగడం సరిగ్గా చేతకాదు. తెగిన పోగులతోనే పరుగెత్తి చస్తాయి. మంచివి ఆగి కుట్టుకుంటాయి. అందుకే డాక్టరు కిరణాలు పెట్టించుకోమంటున్నాడు. రేపటిలోగా చెప్పాలి.”

“మళ్ళీ మొదలుపెట్టావూ? ముందు పులుసు పొంగుతోంది చూడు.”

“పులుసు పొయ్యెక్కనే లేదత్తయ్యా! టోఫు మీ సూదుల కింద ఉంది.”

రాత్రి భోజనాల దగ్గర.

“ఇదిగో, ఇద్దరూ వినండి. వెళ్తాను. సోమవారం నుంచి ఇరవై ఐదు రోజులూ వెళ్తాను.”

“నాన్నమ్మా!”

“వదలవే, ఒళ్ళంతా మెతుకులు చేశావు!”

“బాగుందత్తయ్యా! నేను నెల్లాళ్ళు బతిమాలితే కరగలేదు, ముల్లంగి చెబితే విన్నారు!”

“నా భయం కిరణాలంటే కాదు కజుయో. ఆసుపత్రి కాగితంలో ఓ ప్రశ్న ఉంది. ఇంతకుముందు ఎప్పుడైనా ఒంటికి కిరణాలు తగిలాయా అని.”

“ఓస్, దానికేనా అత్తయ్యా? ఎక్స్‌రేలు తీశారుగా, అవే రాద్దాం.”

“కాదు. అప్పుడు నాకు మూడేళ్ళు, మా అమ్మ వీపు మీద ఉన్నాను. ఆ ఊరిపిల్లనని తెలిస్తే పెళ్ళి కాదేమోనని, మావాళ్ళు ఒకాయామాలో పుట్టానని చెప్పారు. మీ మామగారు పోయేదాకా అదే నమ్మారు. కలం తియ్యి. తగిలాయి, హిరోషిమాలో అని రాయి.”