మిల్లు మాట

మూడేళ్లు మూతపడ్డ మిల్లు మళ్ళీ తెరిచారని తన పాత పని అడగడానికి వెళ్ళొచ్చిన చెల్లెలు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో కూర్చుంది. అక్క గిన్నెలు కడుగుతోంది.

"వెంటనే చేరతావా అనడిగారక్కా."

"నువ్వేమన్నావే?"

"గోడవతల మగ్గాల మోత. కల్లో ఉన్నట్టయింది. ఆ మోతలో మాటలు వినపడవుగా, మేం పెదాలు కదిపే మాట్లాడుకునేవాళ్లం. ఇవాళా అలాగే, చేరతానని గొంతు లేకుండా చెప్పేశాను."

"నీ మొహం! మూగదానివనుకుని ఉంటారు."

"ఆఫీసరు అలాగే అనుకుని నా కాగితం పక్కన పెట్టేశాడు."

"అయ్యో!"

"ఆయన వెనకే మా పాత మేస్త్రీ నిలబడున్నాడక్కా. కాగితం మళ్ళీ ముందుకు జరిపి, నాకేసి పెదాలు కదిపాడు. సోమవారం, రెండో షిఫ్టు."

అక్క పెదాలు కదిలాయి, గొంతు లేకుండా.

"నాకు వినపడిందక్కా."