అద్దం ముందు నేర్చిన పేక

“పేక మ్యాజిక్ నేర్చుకోవాల తాతా, ఏ పుస్తకం కొనాల?” అంటాండావా? నన్నడిగితే ఎట్లమ్మా! పుస్తకం చూసి నేర్చుకునే గదా నేను మా నాయన కొంప ముంచింది.

డెబ్బైల్లో మాట. నాకు ఇరవై... కాదు, ఇరవై రెండు. ఉరవకొండలో చదువు. “శాస్త్రం జనం చేతికి రావాల” అని గోడల మీద రాసేది, పనికొచ్చే పని ఒకటీ రాదు. ఆ యేడు వాన లేదు. బెళుగుప్ప దిక్కున మా ఊరికి ఒక స్వామి వచ్చినాడు. పేకలో ముక్క తీసి, చూసుకుని, మళ్లీ లోపల పెట్టమంటాడు. అదేదో టక్కని చెప్తాడు. “నీ ముక్క చెప్పినోణ్ణి, నీ నేలలో నీళ్లు చెప్పలేనా?” అంటాడు. నాయన నమ్మేసినాడు! చెనిక్కాయ చేన్లో స్వామి కాలు పెట్టిన చోటే బాయి తవ్వాలని పట్టు.

ఆ కనికట్టు నేనే చేసి చూపిస్తే నాయన ఆగుతాడు గదా అనుకున్నా. నేర్పేదెవరు? టీ అంగడి ఖాసిం అన్న ఉన్నాడు. ఆయన చేతిలో పేక విసనకర్ర మాదిరి విప్పుకునేది. “రాప్పా, మూడు దినాల్లో నేర్పిస్తా” అన్నాడు. నేనేమన్నానో తెల్సా? “జూదరుల దగ్గర నేర్చుకోను. అది దోపిడీ సంస్కృతి.”

“నేనెవర్ని దోచినానప్పా? ఆడిన ఆటంతా ఓడిపోతాండా గదా!” అని నగినాడు.

నాకు పుస్తకమే కావాల, శాస్త్రీయంగా! మద్రాసు నుంచి తెప్పించిన ఇంగ్లీషుది “మీకు తెలిసిందే గదా” అని మొదలు. తెలిస్తే నిన్నెందుకు కొంటానయ్యా? ఇంగ బస్టాండులో తెలుగుది, రెండు సినిమాలు చూసి బోండాలు తినే దుడ్లు దానికి. సగం గురువుకు నమస్కారాలు, సగం ఆయన అమ్మే మంత్రదండం గొప్పలు. ఒక్క బొమ్మ మాత్రం పనికొచ్చేది, కట్ట అడుగు ముక్కను దొంగచాటుగా చూసేది ఎట్లని. గుట్టంతా అదే. పై సగం మీద అవతలోడు ముక్క పెట్టినాక కింది సగం తీసి పైన పెడితే, వాడి ముక్క మీద ఆ అడుగు ముక్క పడుతుంది, దాని పక్కదే వాడిది. “అద్దము ముందు సాధన చేయుము” అని రాసుండె. వారం చేసినా. ఒక్కసారీ తప్పలే!

స్వామి ముందర, జనం ముందర నిలబడినా. బొమ్మలో ఉన్నట్లే కట్ట ఎత్తినా. ఆ బొమ్మ ఎదుటి నుంచి గీసిందమ్మా! ముక్క మొగం జనం దిక్కు. ఇంట్లో నాకు అద్దంలో కనపడేది. ఈడ అద్దం యాడుండాది? ఊరంతా చూసినారు, నేను తప్ప! “అడుగు ముక్క కనపడతాందిరో!” అని కేకలు. నోటికొచ్చిన పేరు చెప్పినా. తప్పు.

నాయన లేసి, “చదువుకున్నోడు వారం కష్టపడి చెయ్యలేనిది స్వామి ఊరికే చేస్తాండాడు. ఇంగ శక్తి కాకుంటే ఏంది?” అన్నాడు. మర్నాడే గడ్డపార వేసినాడు.

రాయి. ముప్పై అడుగులూ రాయే.

ఆ తర్వాత పోయినా ఖాసిం అన్న దగ్గరికి, తల వంచుకుని. మొదటి దినమే నా మణికట్టు ఇట్ల తిప్పి, “నీ దిక్కుకు వంచాలప్పా” అన్నాడు. అంతే! పుస్తకం నీ చెయ్యి చూడదు గదమ్మా.

ఒకనాడు నాయన బాయి గట్టున కూర్చోని, “ఏదీ, చెయ్యి” అన్నాడు. చేసినా. ఆయన తీసిన ముక్క చెప్పినా. “ఇది అప్పుడే నేర్చుకునుంటే...” అని లేసిపోయినాడు.

నీకు మొగం మీదే తప్పని చెప్పేవాళ్లు దొరకాల తల్లీ. తొందరగా దొరకాల... ఊఁ, పో, పుస్తకం కాదు, నేర్పే మనిషిని ఎతుక్కో...