తెల్లదిబ్బల ఊరి పెట్టె

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. చైతన్యపురి సందులో సోమమ్మ ఇంటి మెట్ల కింద గూట్లోంచి, పై గదిలో అద్దెకుండే సినిమా ఆర్ట్ అసిస్టెంటు ఉపేంద్ర మోకాళ్ళ మీద పాకుతూ బయటికొచ్చాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. గుమ్మంలో నిలబడ్డ సోమమ్మ, ఇంటి ఓనరు కదా, గొంతు తగ్గించలేదు.

"ఏ పెట్టె? మెట్ల కింద సవాలక్ష ఉంటయి. నీ సిన్మా సామానుకు నేను కావలి కూసున్ననా?"

"అది కాదు పిన్నిగారూ. చెక్క పెట్టె. మూత మీద ఎర్ర అక్షరాలుంటాయి. పెట్టె ఉంది, లోపలివి లేవు."

"ఎలుకలు పడ్డయేమో."

"ఎలుకలు మూత తీసి, తిని, మళ్ళీ మూత పెడతాయా?"

"అంటే? దొంగతనం జేసినమంటవా? పెండ్లి చేసుకొని వచ్చిన కాడికెల్లి ఈ ఇంట్లనే ఉంటున్నరు నువ్వు, సింధూర. ఒక్క చెంచ పోయిందా మీది?"

"అయ్యో, ఆ మాట నేనెక్కడన్నాను? మీరు తీశారని కాదు. ఎవరైనా తీశారేమోనని."

"ఇంట్ల ఉండేది నేను, నా కొడుకు. ఎవరైనా అంటే ఇంకెవరు?"

"శ్రీనివాస్ ఎక్కడ?"

"గిప్పుడు వాని పేరెందుకు? పొద్దుగాల పోయిండు."

"ఎక్కడికి?"

"మొన్న మఫ్టీల ఒకడొచ్చి ఇట్లనే అడిగిండు. ఏడికి పోయిండు, ఎవరితోని పోయిండు అని. వానికే చెప్పలే నేను."

"నేను పోలీసునా పిన్నిగారూ? రోజూ మీ చేతి టీ తాగేవాణ్ణి."

"కాదు. గానీ మొఖమెందుకు గట్ల తెల్లవోయింది నీకు?"

"మూసారాంబాగ్ నుంచి నడిచొచ్చాను. బస్సుల్లేవు కదా. ఎండ."

"ఎండకు మొఖం ఎర్రవడ్తది, తెల్లవోదు. ఏముండె ఆ పెట్టెల?"

"ఏముంటాయి? సినిమా వస్తువులు."

"అట్టముక్కలే గద. గంత పరేషాన్ ఎందుకు?"

"అట్టముక్కలని మీకెలా తెలుసు? అంటే మీరు మూత తీశారు."

"ఊడుస్తుంటె... మూత కొంచెం లేచి ఉండె. చూసిన. ఎర్ర కాయితం చుట్టిన గొట్టాలు. దీపావళి పటాకుల లెక్క."

"ముట్టుకున్నారా?"

"ముందుగాల నువ్వు చెప్పు. ఏంది గవి?"

"చెప్తే మీరు కేకలు వేస్తారు."

"చెప్పకుంటె గూడ వేస్త."

"మా సినిమా కథంతా బంగారు గనుల ఊళ్ళో కదా. అలాంటి ఊరే దొరికింది మాకు, రాయచూరు అవతల. నిజాం కాలంలో తవ్వి, తర్వాత మూసేసిన గని. మనుషుల్ని లోపలికి దింపే ఇనప గోపురం అలాగే ఉంది. దొరల బంగళాలున్నాయి. బంగారం తీసేశాక రాతి పిండిని పారబోసిన తెల్ల దిబ్బలున్నాయి. సాయంత్రప్పూట ఆ దిబ్బల మీద ఎండ పడితే, మీరు నమ్మరు, అచ్చం మంచు కొండలే. డైరెక్టరుగారు కారు దిగకుండానే, పాటా ఇక్కడే, ఫైటూ ఇక్కడే అన్నారు. ఇక్కడెలాగూ షూటింగులు సాగనివ్వట్లేదు కాబట్టి యూనిట్టంతా అక్కడికే..."

"సాగనివ్వట్లేదంటే? మా పోరగాండ్లనేనా నువ్వనేది?"

"ఎవర్నీ అనట్లేదు పిన్నిగారూ."

"సరే, దిబ్బల ముచ్చట తర్వాత. పెట్టె ముచ్చట చెప్పు."

"అక్కడికే వస్తున్నా. లొకేషన్ చూడ్డానికి వెళ్తే మా ఆర్టువాళ్ళం ఉత్త చేతుల్తో రాం. పాత లాంతరో, టోపీయో, తాళంకప్పో తెచ్చుకుని, దాన్ని చూసి నకలు చేస్తాం. అసలుకీ నకలుకీ తేడా తెలిస్తే మా మొహాన ఉమ్మేస్తారు. అక్కడ కాపలా ముసలాయన ఉన్నాడు, జానయ్య అని. ఓ గది తాళం తీసి ఈ పెట్టె ఇచ్చాడు. ఇది చచ్చిపోయిన సరుకు సార్, పట్టుకుపొండి అన్నాడు."

"ఏం సరుకు?"

"రాళ్ళు పేల్చే మందు కడ్డీలు."

"క్వారీల పెట్టి పేల్చేటివా?"

"అవే."

"నా ఇంట్ల పెట్టినవా? నేను పండుకునే అర్ర గోడకు?"

"చచ్చిన సరుకు, ఇక పేలదన్నాడు కదండీ."

"మరి గంత భయమెందుకు నీకు?"

"ఇందాక జానయ్య ఫోన్ చేశాడు. కూతురి ఊళ్ళో ఉన్నాడట, అక్కడ పాత మేస్త్రీ ఎవరో కనిపిస్తే మాటల్లో ఈ సంగతి చెప్పాడట. చచ్చిన సరుకు ఉన్నది పక్క గదిలోనట. నాకిచ్చిన దాంట్లో ప్రాణముందట. పాతబడేకొద్దీ మరీ చెడ్డదవుతుందట, పైన నూనెలా చెమట పడుతుందట. గట్టిగా తగిలినా చాలట. ఇక నిప్పు సంగతి చెప్పక్కర్లేదు."

"నూనె..."

"ఏంటి?"

"జిడ్డుండె గవాటికి. నా చేతికంటింది. సబ్బు పెట్టి కడుక్కున్న."

"అమ్మో. అంటే అవే. పిన్నిగారూ, ఎక్కడ పెట్టారు? చెప్పండి, నేను మెల్లగా తీసుకెళ్ళి ఏ నాదర్‌గుల్ అవతల గోతిలోనో..."

"నా కాడ లేవు."

"మరి?"

"జర నీళ్ళియ్యి."

"ఇదిగోండి. తాగి చెప్పండి. ఎక్కడున్నాయి?"

"పోరగాండ్లు ర్యాలీకని మన వాకిట్లనే కట్టిన్రు దిష్టిబొమ్మను. పాత చీరలిచ్చిన, సైకిల్ టైరిచ్చిన. గడ్డి దొరకలే. పొట్ట లోపలికి పోయింది, లీడరంటె పొట్టుండాలె గదా అని నవ్వుతున్నరు. అమ్మా ఇంకేమన్న ఉన్నదా అన్నడు శ్రీనివాస్. నేనే తీసిచ్చిన బిడ్డా. అట్టగొట్టాలే అనుకున్న. సింధూరకు చెప్పి, కావాల్నంటె పైసలిద్దామనుకున్న."

"అన్నీ ఇచ్చారా?"

"అన్నీ. పొట్ట మీద ఎర్రగ మంచిగ కనపడ్తున్నయని సుతిలి తాడుతోని వాడే కట్టిండు."

"ఎక్కడ కాలుస్తారు?"

"ఎల్బీనగర్ చౌరస్తల. దిల్‌సుఖ్‌నగర్ల మొదలువెట్టి నడుసుకుంట పోతమన్నరు. డప్పులు ఇందాకనే మన సందు ముంగట దాటినయి. బొమ్మను ఎత్తుకునేది నేనే, అంటువెట్టేది నేనే అని మురిసిపోయిండు పొద్దుగాల. కొత్త అంగి వేసుకున్నడు."

"ఫోన్ చెయ్యండి. చెయ్యండి ముందు."

"చేస్తున్న. మోగుతుంది... ఎత్తుతలేడు. మళ్ళ చేస్త. ఎత్తుతలేడు బిడ్డా."

"డప్పుల్లో వినపడి ఉండదు. పక్కన ఎవరుంటారు?"

"బాల్‌రాజ్ ఉంటడు. నువ్వు చెయ్యి, నాకు అంకెలు కనపడ్తలేవు."

"స్విచాఫ్."

"ఎందుకు స్విచాఫ్? ఎందుకైతది?"

"చార్జింగ్ అయిపోయుంటుంది. రోజంతా కరెంటుండట్లేదు కదా. కంగారుపడకండి. పోలీసులకి చెప్దాం."

"పోలీసులకా? ఏమని చెప్తవు? సోమమ్మ కొడుకు బాంబులు కట్టుకొని పోతున్నడనా? ఇప్పటికే రెండు కేసులున్నయి వాని మీద. ఇది ఎక్కితె వాడు బయటికొస్తడా ఈ జన్మల?"

"కాలిపోవడం కన్నా జైలు నయం కదా."

"గట్లయితె నీ పేరు చెప్తవా? నేనే తెచ్చిన, నేనే మెట్ల కింద పెట్టిన అని చెప్తవా?"

"ముందు శ్రీనివాస్‌కి ఇంకోసారి చేద్దాం."

"చెప్పు ఉపేంద్రా. నా దిక్కు చూసి చెప్పు."

"చెప్పాలి. చెప్పాలనే ఉంది. కానీ ఆలోచించండి. భీమవరం నుంచొచ్చినవాడు, వాడింట్లో మందు కడ్డీలు, అవి తెలంగాణ ర్యాలీలోకి వెళ్ళాయి. తెలియక జరిగిందంటే నమ్మేదెవరు? పోలీసులు నమ్మరు. మీ కుర్రాళ్ళు అసలే నమ్మరు. కావాలనే చంపడానికిచ్చాడంటారు."

"నాకు గూడ ఒక్క నిమిషం గదే అనిపిచ్చింది. అబద్ధం చెప్ప."

"పిన్నిగారూ..."

"తల్లిని గదా. భయానికి ఏమన్న అనిపిస్తది. నీ మొఖం చూసినంక పోయింది. గానీ, గివి గంత పాడు సరుకైతె సిన్మల ఎట్ల వాడుతరు?"

"ఇవి వాడరు. నేను చేసిన నకళ్ళు నిన్న తెల్లారకముందే వ్యానులో వెళ్ళిపోయాయి. ఇవాళ సాయంత్రం గని పేల్చే సీను. అసలువి జానయ్యకి తిరిగిచ్చేద్దామని ఉంచాను. నేనూ ఇవాళ వెళ్ళాల్సినవాణ్ణే, బస్సుల్లేక ఆగిపోయాను."

"సింధూర పోయిన వ్యానేనా?"

"అదే. కాస్ట్యూములు తనే చూసుకోవాలిగా. రాత్రి దిబ్బెక్కి ఫోన్ చేసింది, కింద గని దగ్గర సిగ్నల్ ఉండదట. జనం తక్కువయ్యారు, కూలివాళ్ళల్లో నన్నూ నిలబెడుతున్నారు, చేతికి కడ్డీ ఇచ్చి ఒత్తి వెలిగిస్తారట, సినిమాలో కనపడతాను అని ఒకటే సంబరం. తనకీ గొడవంతా తెలియకపోవడమే మంచిది."

"మళ్ళ చెయ్యి శ్రీనివాస్‌కు."

"మోగుతోంది. ఎత్తట్లేదు."

"నేనే పోత. నా చెప్పులేవి?"

"మీ మోకాళ్ళతో మీరు సందు చివరికైనా వెళ్ళలేరు. నేను వెళ్తాను."

"నిన్ను రానిస్తరా వాళ్ళు? బొమ్మ కాలవెట్టొద్దని నీ భాషల అంటె ఏమైతదో తెల్సా? మొన్న షూటింగ్ బండి అద్దాలు ఏం చేసిన్రో చూసినవ్ గద."

"చూశాను. అందుకే ఇందాకట్నుంచి ఇక్కడే నిలబడి మీతో మాట్లాడుతున్నాను. మీకు దాచడమెందుకు, భయమే. కానీ నేను తెచ్చిన నిప్పుకి మీ అబ్బాయి బలైపోతే, ఇక సింధూరకి నా మొహం ఎలా చూపిస్తాను? అడ్డం పడి బొమ్మ లాక్కుంటాను. కొడితే కొట్టనీండి."

"ఆగు. శ్రీనివాస్ కండువా ఇది, మెడల వేసుకో. ఎవరన్న ఆపితె మాట్లాడకు. సోమమ్మ పంపిందని చెప్పు. గంతే చెప్పు."

"సరే."

"ఉపేంద్రా, ఆగాగు, ఫోను. వాడే. వాడే చేస్తున్నడు. ఏది ఒత్తాలె?"

"పచ్చది. స్పీకర్ పెట్టాను, మాట్లాడండి."

"శ్రీనివాసా? బొమ్మకు నిప్పు పెట్టకు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత, దూరం జరుగు, అందర్ని దూరం జరగమను..."

"ఏందమ్మా, మెల్లగ చెప్పు. గిన్నిసార్లు చేసినవేంది? బొమ్మనా? కాలవెట్టుడు గూడ అయిపోయింది. పోలీసోళ్ళు ఎల్బీనగర్ దాంక పోనియ్యలే, పండ్ల మార్కెట్ కాడనే అంటువెట్టినం."

"కాలవెట్టినవా? పేలిందా? నీకేమన్న అయిందా? చేతులు మంచిగున్నయా?"

"ఏం పేల్తది? నాకేమైంది? నువ్విచ్చిన గొట్టాలు ఉన్నయి చూడు, సక్కగ కాలనన్న కాలలే. పొట్ట తెగంగనే అండ్లకెల్లి ఇసుక రాలింది. లీడరు పొట్టల ఇసుక లారీలే ఉన్నయిరా అని ఒకటే నవ్వుడు. ఆకలైతుందమ్మా, ఏం కూర?"

"పప్పు. పప్పు చేసిన బిడ్డా. జల్ది రా. ఏడ ఆగకుండ రా."

"ఒస్తున్న. పెట్టేస్తున్న."

"విన్నవా ఉపేంద్రా? మంచిగున్నడు. కొడుకు మంచిగున్నడు. ఎల్లమ్మ తల్లి, నీకు బోనం చేస్త. నేను ఏడుస్తున్నననుకుంటున్నవా, నవ్వొస్తుంది నాకు. మీ జానయ్యకు మతి లేదు, చచ్చిన సరుకును పట్టుకొని మనల చంపిండు. కండువా తీసెయ్యి, కూసో, నీకు గూడ అన్నం పెడ్త."

"ఏం రాలిందన్నాడు?"

"ఇసుక. ఎందుకు?"

"ఇసుక."

"అవునయ్యా, ఇసుక. మళ్ళ మళ్ళ అడుగుతవేంది? పేలలే అంటున్న గద."

"ఇసుక నింపింది నేను పిన్నిగారూ. నకళ్ళలో. చేతికి బరువు తెలియాలని. పైన జిడ్డు కూడా నేను పూసిన గ్లిజరినే, పాతవాటిలా చెమట పట్టినట్టుండాలని."

"మంచిదే గద. మనింట్ల ఉన్నయి నకలువన్నట్టు. అయితె అసలువి ఏడున్నయి?"

"నకళ్ళ పెట్టె కూడా అచ్చం అసలుదానిలాగే చేశాను. అక్షరాలతో సహా."

"నిన్న పొద్దుగాల కరెంటే లేకపాయె. చీకట్ల వ్యానెక్కిస్తివి. ఉపేంద్రా, నా దిక్కు చూడు. ఏడున్నయి బిడ్డా?"

"కుదుపులకి రంగు చెదిరిపోతుంది, దారంతా కింద పెట్టొద్దని చెప్పి, సింధూర ఒళ్ళో పెట్టి పంపాను."