కృత్తికనాటి మాత్తర

గుడియాత్తంలో ఒక పార్టీ పెట్టిన ఉచిత పళ్ళ వైద్య శిబిరం. బెంచీ మీద అక్క తంగమ్మ, తమ్ముడు ధనపాల్.

"ధనపాలూ, పన్నెండేండ్లుగా ఒక సందేహం రా నాకు."

"ఇప్పుడేమి సందేహం అక్కా? పదహైదో నంబరు పిలిచినారు. నాది పద్దెనిమిది."

"ఆ పొద్దూ ఇట్లాంటి క్యాంపే. ఇట్లే వేలూరు డాక్టర్లు. నీ పెండ్లాం పుష్పవల్లికీ నాకూ ఒకే మాత్తర. ఆమె పండ్లు ముత్యాల మాదిరి ఉండాయి. నాకు ఆరు మిగిలినాయి. ఎట్లా?"

"ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో మాదిరి. కృత్తిక ఒక్కపొద్దుండి ఇంత మాట్లాడతావే, నీరసం రాదా?"

"నువ్వూ ఒక్కపొద్దే కదా. చెప్పు."

"అందరూ వినండమ్మా! ముందు చిగుర్ల కింద గార గీకి తీస్తారు, తర్వాత మాత్తర. మాత్తర ఒక్కటే మింగితే వారం దినాలు వాపు తగ్గతాది, గార అట్లే ఉంటాది, మళ్ళా వాస్తాది. రెండూ కావాల. మాత్తర అందరికీ ఇస్తారు, క్లీనింగు టోకెన్లు ఇరవైయే, పోగొట్టుకోవద్దండి."

"విన్నావా, నర్సమ్మ ఏమి చెప్పిందో?"

"ఆఁ... ఇప్పుడు అట్లా చెప్తా ఉండారు. అప్పుడు వేరే..."

"అప్పుడేమి చెప్పినారు?"

"మరిచిపోయినా."

"నేను మరవలేదు. 'గార గీకితే పండ్లు కదిలిపోతాయక్కా, అదే పట్టుకోని ఉండాది, నీకు మాత్తర చాలు' అంటివి. ఆ మాట డాక్టరుదా, నీదా?"

"మెల్లగా అక్కా. చూస్తా ఉండారు."

"చూడనీ. అప్పుడు ఆట్చి, అధికారమంతా మన పార్టీది. వీధికంతా టోకెన్లు పంచింది నువ్వే. నాకు క్లీనింగు టోకెను లేదా?"

"ఉన్నింది."

"యాడ పోయింది?"

"పుష్పవల్లికి ఇచ్చినా... అప్పటికి పెండ్లయి ఆర్నెల్లు. నోరు వాసనని నేనొక మాటంటే రెండు దినాలు అన్నం ముట్టలేదు. మిగిలింది నీదొకటే. నువ్వు పెద్దదానివి, సర్దుకుంటావని..."

"సర్దుకుంటినిరా. మగ్గం కాడ దారం కొరికే పల్లు లేక కత్తెర పెట్టుకుంటిని. అది కాదు నా బాధ. అన్నం తిన్నాకే మాత్తర అన్నారని ఆడి నెల కృత్తికనాడు ఒక్కపొద్దు విడిచి తింటిని. పండ్లు రాలతా ఉంటే మురుగన్ కోపమనుకుంటిని. అప్పటి నుంచి శుక్రవారం ఉప్పు ముట్టలేదు. నీకు తెలుసు కదరా?"

"తెలుసు."

"వారం వారం బండి మీద గుడికి తీసకపోయింది ఎవురు?"

"నేనే."

"టెంకాయ కొట్టించి, 'సామి మన్నిస్తాడులే అక్కా' అంటివి. చెయ్యని తప్పుకు పన్నెండేండ్లు మన్నించమంటి. ఆ సామి నన్ను చూసి ఏమనుకోని ఉంటాడు?"

"ప్రతి శుక్రవారం చెప్పాలనే అనుకుంటా అక్కా. నీ మొగం చూస్తే నోరు రాదు."

"నీకా నోరు రాదు? ఓట్లప్పుడు వీధి వీధీ అరిచే నోరు!"

"పద్దెనిమిది! పద్దెనిమిదో టోకెను ఎవరమ్మా?"

"పో. పిలుస్తా ఉండారు."

"ఇందా అక్కా."

"ఏమిరా ఇది?"

"నీ టోకెను. అప్పటి బాకీ. ఉండే ఆరన్నా నిలబడనీ."

"మరి నీ చిగుర్లు? తెల్లారితే దిండు మీద నెత్తురంటివే?"

"ఇప్పుడు ఆట్చి వాళ్ళది. తెల్లారుజామునుంచీ వరసలో నిలబడితే ఇది దొరికింది. ఇంకొకటి ఇయ్యరు."

"పద్దెనిమిది! ఉండారా, లేదా?"

"వస్తా ఉండాను నర్సమ్మా! ధనపాలూ, నువ్వు మాత్తర తీసుకోని ఇంటికి పో నాయనా. అన్నం తిని వేసుకో. కృత్తికైనా ఏమీ కాదు."