తనిఖీకి ఒక గర్భిణి

సర్జాపుర అవతల ఒక గులాబీ తోట. పూలు కట్టలు కట్టే షెడ్డులో సూపర్‌వైజర్ శశికళ, పూలు కోసే రమ్య.

"రేపు లీవా? రేపే దొరికిందా నీకు?"

"ఒక్క పొద్దే శశక్కా. ఇంట్లో పండుకుంటా."

"మొన్న జొరమని ఎగ్గొట్టింది చాల్లేదా? రేపు సర్టిఫికెట్ వాళ్లొస్తారు రమ్యా. ఆ సర్టిఫికెట్ పోతే మన పూలు ఫారిన్ పోవు. అప్పుడు ఏం తింటాం నువ్వూ నేనూ, ముళ్లా?"

"పాపక్క ఉండాది కదా, ఆయమ్మని చూపించండి."

"మనవరాలికి పెండ్లి చేసింది, ఆమెకి కడుపేంది? కడుపుతో ఉండే ఆడోళ్లకి కూర్చుండే పని ఇస్తామని రాసిచ్చినాం. ఏరీ, చూపించండి అంటారు వాళ్లు. తోటంతట్లో నువ్వొక్కదానివే."

"అక్కా, నాకు..."

"ముందు ప్రశ్నలు. గ్లౌజులు, మాస్కులు ఇస్తారా?"

"ఇస్తారు. తనిఖీ రోజు."

"దినామూ ఇస్తారు! చెప్పు."

"దినామూ ఇస్తారు."

"మందు కొట్టినాక తోట లోపలికి ఎప్పుడు పోతారు?"

"మీరు పొమ్మన్నప్పుడు."

"అయ్యో నా తలకాయ! ఎర్రజెండా తీసినాక."

"ఎర్రజెండా తీసినాక."

"జెండా ఎప్పుడు తీస్తారు?"

"ఆకులు ఆరినాక. ఆ పొద్దు మాత్రం తడిగా ఉండంగానే తీసేసినారు మీరు."

"ఆ పొద్దు సంగతి ఎవరడిగినారు నిన్ను? ప్రేమికుల రోజు ఆర్డరు, లారీ వచ్చి గేటు కాడ నిలబడె. మేనేజరు దేవరాజ్ సారు నా నెత్తిమీద కూర్చునె. నేనేం చేసేది?"

"నన్నొక్కదాన్ని వదిలేయండి, వాసనకే తల తిరుగుతా ఉండాదని అడిగినా కదక్కా. షెడ్డులో వేయండని అడిగినా."

"రేపు వేస్తున్నా కదే! కొత్త కుర్చీ తెప్పించినా, వీపుకి దిండుతో. నేను కూడా కూర్చోలే దాంట్లో."

"ఇప్పుడెందుకక్కా అది."

"ఇప్పుడెందుకా? పోయిన వారం కాళ్లు పట్టుకున్నది ఎవరు? ఇస్తే కొవ్వు, ఇయ్యకుంటే ఏడుపు!"

"కూర్చునేకి కూడా కావడంలే. నడుము లాగేస్తా ఉండాది."

"కడుపంటే లాగదా? నేను ఇద్దర్ని కన్నా, లీవు అడిగినానా? సరే, ఆ తనిఖీ మేడమ్ ఎన్నో నెల అంటాది. ఏం చెప్తావు?"

"అది అడగొద్దని చెప్పండక్కా ఆమెకి."

"అడగకుండా ఉంటాదా? ఎన్నో నెల?"

"ఐదు... ఆ మాట నాతో చెప్పించొద్దక్కా."

"ఎందుకు చెప్పించొద్దు? దొంగ కడుపా?"

"పోయింది."

"ఏం పోయింది?"

"ఆ పొద్దు ఆ తడిలో పూలు కోసి ఇంటికి పోయినాక మొదలైంది నొప్పి. తెల్లారేలోపల పోయింది. ఆసుపత్రిలో కడిగి పంపించేసినారు. జొరం కాదక్కా అది."

"ఎవరికన్నా చెప్పినావా? పాపక్కకి?"

"మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలే."

"మంచి పని చేసినావు. ఏడవద్దు, కండ్లు తుడుచుకో. ఎల్లుండి తీసుకో లీవు, సారుతో నేను మాట్లాడతా. రేపు మాత్రం పాత టవలు ఒకటి మడిచి పొట్ట మీద, చీర లోపల పెట్టుకోని రా."