కెమెరాలో గాజు కిటికీ

సువా సరస్సు ఒడ్డున ఉన్న కెమెరా ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం పూట, డిజైన్ గదిలో ఇద్దరే ఉన్నారు. జీవితమంతా అక్కడే కెమెరాలు గీసిన కోగుచి ఒకరు. ఆయన దగ్గరే పని నేర్చుకుని ఇప్పుడు ఆయనకే పైఅధికారి అయిన షిహో రెండోవారు.

"మూసుకోమను. ఫ్యాక్టరీకి తాళం వేసుకోమను. కన్ను పెట్టి చూసే ఆ గాజు కిటికీ పీకేసి ఎలక్ట్రానిక్ తెర పెట్టమంటే మాత్రం నా చేత్తో గీయను."

"గీయకపోతే నిజంగానే తాళం వేస్తారు సార్. టోక్యో హెడ్డాఫీసు వాళ్లు రైలు దిగేశారు. స్టేషన్ నుంచి ఫోన్ చేశారు."

"రానీ."

"రానీ అంటే ఎలా? మనం పంపిన నమూనా కెమెరాలతో ఒక్క ఫొటో కుదరలేదట. ఫోకస్ కంటి మీద నిలిపితే చెవి మీద నిలుస్తోందట."

"నీ సెన్సర్ని తిట్టు. ఫిల్ముతో ఇలా ఏడ్చామా? చిన్నాచితకా తప్పులు అది కడుపులో పెట్టుకునేది."

"సెన్సర్ పెట్టుకోదు. అదే కదా నేను మొత్తుకునేది! లోపల అద్దాల్ని కదిపే మీ లివర్లు వెంట్రుకవాసి జరిగినా బయటపెట్టేస్తుంది. అందుకే..."

"అందుకే తెర! తెరలో కెమెరా చూసింది కనిపిస్తుంది. కిటికీలో లోకం కనిపిస్తుంది. ఫ్రేములోకి ఇంకా రాని మనిషి కూడా నడిచొస్తూ కనిపిస్తాడు. అది పోయాక మన కెమెరా దేనికి? ఫోను చాలదూ?"

"కిటికీ తియ్యనని ఎన్నిసార్లు చెప్పాలి? తీసేది లివర్లని. కిటికీలో మనిషి రెండుగా కనిపించడం, ఫోకస్ కుదిరేలా రింగు తిప్పితే ఆ రెండూ కలిసి ఒకటవడం, అంతా అలాగే ఉంటుంది. రెండో బొమ్మని అద్దాల బదులు బ్యాటరీతో వెలిగే చిన్న దీపం గీస్తుంది, అంతే. ఇదిగో, చేసి తెచ్చాను. చూడండి."

"తర్వాత చూస్తాలే."

"పొద్దున్నా ఇదే మాట. నిన్నా ఇదే మాట."

"పనుంది."

"ఏం పని సార్? మీరు బాగుందంటే వాళ్లతో వాదిస్తాను. బాలేదంటే నోరు మూసుకుంటాను. ఒక్కసారి. కాళ్లు పట్టుకోమంటారా?"

"ఛ, అవేం మాటలు! ఇలా ఇవ్వు. ఏది చూడమంటావు?"

"బయట సరస్సు రేవు మీద గాలం వేసుకుని కూర్చున్న పెద్దాయన్ని."

"ఆఁ... ఆఁ, కనిపించాడు."

"రింగు తిప్పండి. కలిశాయా?"

"కలిశాయి. కలిశాయిలే. వెంట్రుకవాసి తేడా లేదు. అయినా నాకు నచ్చలేదు. దొంగ బొమ్మ. తీసుకుపో."

"కలిశాయా సార్?"

"చెప్పాగా!"

"సార్... బ్యాటరీ ఇంకా నా చేతిలోనే ఉంది. అందులో రెండో బొమ్మ లేనే లేదు."

కోగుచి కెమెరాని కంటి దగ్గర నుంచి దించలేదు.

"కెమెరా దించండి సార్."

"తలుపు వెయ్యి."

"వేశాను. ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచి. రెండు కళ్లూ. సరిగ్గా నడిమధ్య మసక. నిన్ను చూస్తే జుట్టు కనిపిస్తుంది, భుజాలు కనిపిస్తాయి. మొహం ఉండదు. ఇక తగ్గదన్నాడు డాక్టరు."

"అయితే టోక్యోకి పంపిన కెమెరాలు..."

"అన్నీ నేనే సరిచేశాను. చూడకుండా, అలవాటు మీద. నువ్వు చేస్తానంటే కసిరాను. కెమెరాకి ఏ రోగమూ లేదు షిహో. నా కంటికే. ఇంతమంది పొట్ట కొట్టాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నేనేం మిగులుతాను?"

"కింద కారు ఆగింది."

"వెళ్లు. తెర పెట్టేస్తామని చెప్పు, ఫ్యాక్టరీ అన్నా దక్కుతుంది. తప్పు నాదేనని నేను చెబుతాను."

"ఆగండి, ఆగండి. నడిమధ్యే కదా మసక? అంచులు కనిపిస్తాయి కదా?"

"కనిపిస్తే ఏం? రెండో బొమ్మ ఉండేది నడిమధ్యలోనే."

"అద్దాలకి అదొక్కటే చోటు. దీపానికి ఎక్కడైనా ఒకటే. రెండో బొమ్మని ఎడమ అంచుకి జరుపుతున్నాను. ఇదిగో, బ్యాటరీ వేశాను. చూడండి."

"వాళ్లు మెట్లెక్కుతున్నారు షిహో."

"ఎక్కనివ్వండి. ఆ పెద్దాయన్ని ఎడమ పక్కకి తెచ్చుకోండి. అబద్ధం చెప్పొద్దు సార్. లేకపోతే లేదనండి."

"ఉండు. కెమెరా కొంచెం తిప్పనీ..."

"తలుపు కొడుతున్నారు. కనిపిస్తే త్వరగా కలపండి సార్!"

"కలపను. కాసేపు ఉండనీ... పెద్దాయన ఇద్దరుగా కనిపిస్తున్నాడమ్మా."