మేనేజరులో కలిపిన గొర్రె

నేను విరగ్గొట్టలేదండీ మేస్త్రిగారూ! అలా చూడకండి నావంక. రాట్నం వడికేవాళ్ళు రాట్నాన్ని కాలితో తంతారా ఎక్కడైనా? పెడలు తొక్కుతాం, అంతవరకే. చక్రానికి ఆకులు ఊడిపోయి, పీట కాలు చిట్లిపోయిందంటే అది నా నిర్వాకం కాదు.

ఫోన్లో మీరడిగితే కింద పడిందన్నాను. అబద్ధమా? కింద పడింది. ఎలా పడిందో మాత్రం చెప్పలేదు. ఆ జిగురు ఆరేదాకా మీరెలాగూ పట్టుకునే కూచోవాలిగా, వినండి.

ఇదంతా మేనేజరు పోయినప్పట్నించీ మొదలైంది.

అయ్యయ్యో, అంత బాధపడకండి! మనిషి కాదు, కుక్క. మా అన్నయ్యావాళ్ళ కుక్క. ఎర్రటి కుచ్చుల తోకా, వాడూను. ఎవరేం తింటున్నా ఎదురుగా కూచుని పర్యవేక్షించేవాడు. అందుకే ఆ పేరు. నిజానికి దాన్ని తెచ్చింది వదిన. "ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అన్నది అన్నయ్య. నెల తిరక్కుండా ఆ మేనేజరు ఆయన కాళ్ళమీద తల పెట్టుకుని పడుకోవడం, కాళ్ళు తిమ్మిరెక్కినా ఈయన కదలకపోవడం నా కళ్ళతో చూశాను. ఇంటి గుమ్మంలో కుక్కని తిట్టడం, లోపలికెళ్ళి కుక్కకి బిస్కెట్టు పెట్టడం, అదీ మా అన్నయ్య వరస.

ఆ తరవాత వాళ్ళిద్దరూ విడిపోయారు. ఏం పెద్ద కారణం ఉంటుందనుకున్నారు? మా అన్నయ్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. పగలంతా పక్క సీట్లో కూచుని జనాన్ని సరిదిద్దీ సరిదిద్దీ, ఇంటికొచ్చి అదే పని. కూర ఇలా తరిగితే చెయ్యి తెగుతుంది, తలుపు అలా వేస్తే బందు పోతుంది. వదినా తక్కువది కాదు. పళ్ళ డాక్టరు దగ్గర పని ఆవిడకి. అక్కడ నోరు తెరవమని అందరికీ చెప్తుంది, ఇంట్లో తను తెరవదు. అలిగిందంటే వారాలు. ఇలా లాగీ లాగీ ఒకరోజు ఆవిడ పెట్టె సర్దుకుని వేరే ఇల్లు తీసుకుంది.

సామాన్లు పంచుకోవడానికి గొడవ లేదు. మంచం మీరుంచుకోండంటే నువ్వుంచుకో అని మర్యాదలు. మేనేజరు దగ్గరే వచ్చింది తంటా. చివరికి వారంలో సగం అక్కడా, సగం ఇక్కడా. ఆ కుక్కకి రెండు ఇళ్ళు, రెండు కంచాలు. మధ్యలో బట్వాడా ఎవరనుకున్నారు? నేనే. వీళ్ళు మొహాలు చూసుకోరుగా!

అలా తిరిగీ తిరిగీ, ముసలిదై, వదిన దగ్గరున్నప్పుడు పోయింది. ఆవిడ ఫోన్ చేసింది. ఈయన రోడ్డుమీద ఎవరికో రివర్సు నేర్పుతున్నాడు, ఎత్తలేదు. మళ్ళీ చూసుకుని పరిగెత్తేసరికి పూడ్చేశారు. "నాకోసం ఆగలేకపోయావా" అని ఈయన, "ఎత్తలేకపోయారా" అని ఆవిడ. అప్పట్నించీ ఆ వంకరమాటలు కూడా లేవు.

కొంచెం ఇటు పట్టుకోనా? సరే సరే, మీ పని మీది.

నా సంగతి మీరు చూస్తూనే ఉన్నారు. ఉద్యోగం మానేశాక ఈ ఉన్ని పిచ్చి పట్టింది. గొర్రెని గొరిగిన బొచ్చు గోనెసంచులతో వస్తుంది ఇంటికి. పేడా, గడ్డీ, జిడ్డూ అన్నీ దాంతోపాటే. గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి, పిసక్కూడదు, పిసికితే ముద్ద కట్టేస్తుంది. ఆరబెట్టి, ఈ ముళ్ళ దువ్వెనలతో దువ్వి, ఏకులు చుట్టి వడకాలి. మా ఆయన ఏమంటారో తెలుసా? "మన బాల్కనీలో గొర్రె లేదు గానీ, మిగతా అంతా ఉంది" అంటారు. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంటికొచ్చిన వాళ్ళంతా ముందు ముక్కు మూసుకుంటారు, తరవాత మఫ్లర్లు అడుగుతారు.

ఒకరోజు వదిన వచ్చింది. చేతిలో ఒక గుడ్డ సంచి. ఒళ్ళో పెట్టుకుని కూచుంది, కింద పెట్టదే! చివరికి విప్పింది. మేనేజరు బొచ్చు. దువ్విన ప్రతిసారీ దువ్వెనలోంచి తీసి దాచిందట, ఇన్నేళ్ళూ. "అమ్మాయ్, దీన్ని దారం చేసిపెట్టు. మెడకి చుట్టుకుంటాను. కానీ మీ అన్నయ్యకి చెప్పకు" అంది. సరే అన్నాను.

ఆ వారంలోనే అన్నయ్య ఊడిపడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి! "చెల్లాయ్, ఇది వాడిది. ఏదో ఒకటి చేసిపెట్టవే. మీ వదినకి మాత్రం తెలియనివ్వకు."

చూశారా? విడిపోయారన్న మాటే గానీ, ఇద్దరి బుర్రా ఒకే అచ్చు.

సరే, అన్నయ్య సంచి కూడా బల్లమీద గుమ్మరించాను. చేత్తో అలా విడదీస్తున్నాను. ఏదో తేడా. దువ్వితే ఊడిన వెంట్రుక ఎలా ఉంటుందండీ? కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది. మెత్తగా ఉంటుంది. ఇది బిరుసు. రెండు కొసలూ మొండిగా, కత్తెర పెట్టి కోసినట్టు ఉన్నాయి. మేనేజరుకి జన్మలో కత్తెర తగల్లేదు, వదిన తగలనివ్వలేదు. పైగా మధ్యమధ్య నల్లవీ, ఉంగరాలు తిరిగినవీ. పైనించి గుప్పున గులాబీ షాంపూ వాసన. మా మేనేజరు జన్మలో అంత బాగా వాసన వెయ్యలేదు.

ఫోన్ చేశాను. "అన్నయ్యా, ఇదెక్కడిది?"

"ఏదీ?" అన్నాడు.

"అన్నయ్యా!"

"కుక్కలకి క్షవరం చేసే షాపుంది కదా, అక్కడ ఊడుస్తుంటే... రంగు కలుస్తుందని ఏరుకొచ్చాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఏమిటీ వేషాలు అని అడిగేద్దామనుకున్నాను. ఈలోగా ఆయనే అన్నాడు, చిన్న గొంతుతో. "నేనెప్పుడూ దువ్వలేదే వాడిని. సోఫా అంతా వెతికాను. మొన్ననే కొత్త గుడ్డ వేయించి చచ్చాను. నా దగ్గర వాడిది ఒక్క వెంట్రుక లేదు. మీ వదిన దగ్గర అన్నీ ఉన్నాయి, ఆఖరికి పోవడం కూడా ఆవిడ చేతుల్లోనే పోయాడు. నాకు మాత్రం ఏదో ఒకటి ఉండొద్దూ?"

షాపులో కుక్కల బొచ్చు ఏరుకునే మనిషిని, అదీ అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషిని, ఏమని తిడతాం?

ఒక పని చేద్దామనుకున్నాను. వదిన తెచ్చిన అసలు బొచ్చులోంచే ఇద్దరికీ చెరొక చిలప దారం వడికేస్తే సరి. అన్నయ్య సంచి చెత్తబుట్టలో పడేశాను. అబ్బో, ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

వడకడానికి కూచున్నాక తెలిసింది. కుక్క బొచ్చుకి పట్టుండదండీ. నున్నగా జారిపోతుంది. పురి ఎక్కినట్టే ఎక్కి, పోగు చేతిలోనే విడిపోతుంది. గొర్రె ఉన్ని అలా కాదు, ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. అందుకని ఎర్ర ఛాయ ఉన్న గొర్రె ఉన్ని తీసి కలిపాను. దువ్వెనమీద ఒక పొర గొర్రె, ఒక పొర మేనేజరు. అప్పుడు చూడాలి, దారం ఎలా సాగిందో! రెండు పోగులు కలిపి పేనితే రెండు చిలపలు వచ్చాయి, మెత్తగా, నురగలాగా. మా ఆయన కూడా చెయ్యిపెట్టి చూసి ఏమీ అనలేదు. మా ఇంట్లో ఏమీ అనకపోవడమే బిరుదు.

ఇంక ఇచ్చెయ్యడమే. పొద్దున అన్నయ్యని రమ్మన్నాను, సాయంత్రం వదినని. అన్నయ్యేమో ఎవరికో లైసెన్సు పరీక్ష ఉందని మధ్యాహ్నం దాకా రాలేదు. వదినేమో, ఆ రోజే డాక్టరుగారికి పంటినొప్పి వచ్చి క్లినిక్కు మూసేస్తే, ముందే వచ్చేసింది. నిజమండీ! నేను కల్పిస్తున్నానా? ఇద్దరూ మెట్లమీద ఎదురుపడ్డారు. నేను తలుపు తీసేసరికి చెరో గోడా చూస్తూ నిలబడున్నారు.

లోపలికి రాక తప్పుతుందా? రెండు చిలపలూ బల్లమీదే ఉన్నాయి, పక్కపక్కనే.

"ఓహో, తమరు కూడా ఇచ్చారా?" అంది వదిన. "మీకెక్కడిదీ బొచ్చు? మీరెన్నడు దువ్వారు?"

అన్నయ్య మొహం చూడాలి మీరు! లైసెన్సు పరీక్షలో కారు గోడకి గుద్దినవాడిలా ఉన్నాడు. నేనే అడ్డుపడ్డాను. "సోఫా సందుల్లోదంతా ఏరి తెచ్చాడు వదినా, పాపం, గంటలతరబడి" అన్నాను. వదిన ఆయన్ని ఎగాదిగా చూసింది. మెల్లిగా ఒక చిలప తీసి ముక్కుకి ఆనించుకుంది. కళ్ళు మూసుకుంది. "వాడి వాసనే" అంది. అన్నయ్య దగ్గరికొచ్చి, ఆవిడ చేతిలో ఉన్న చిలపనే ఒక వేలితో నిమిరాడు. నిన్నగాక మొన్నటిదాకా మొహాలు చూసుకోనివాళ్ళు! ఈ రహస్యాల బట్వాడా తప్పినట్టే అనుకున్నాను.

అంతట్లో ఎండ పడింది కిటికీలోంచి. వదిన పళ్ళ మధ్య ఇరుక్కున్నదాన్ని కూడా వదలదు, దారంలో వదులుతుందా? "ఈ లేత పోగులేమిటే?" అంది.

నాకు అబద్ధం చెప్పడం రాదు. అంటే, అప్పటికి ఒకటి చెప్పేశానుగా, స్టాకు అయిపోయింది. "అది గొర్రె ఉన్ని వదినా. సగానికి సగం కలపకపోతే నిలవదు" అన్నాను.

"గొర్రెనా? మా వాడిలో గొర్రెని కలిపావా?"

అదికాదు వదినా, పట్టుండదూ, పురి నిలవదూ అని చెప్తూనే ఉన్నాను. వింటేగా! ఆ మాటకి ఎవరు తోడొచ్చారనుకున్నారు? మా అన్నయ్య! మేస్త్రిగారూ, షాపులో ఊడ్చిన చెత్త తెచ్చిచ్చిన మా అన్నయ్య! "నిన్ను నమ్మి ఇచ్చాం కదే! మా మేనేజరుని కల్తీ చేస్తావా?" అన్నాడు. అంటూ నావంక ఒక్క చూపు చూశాడు. కుక్క చూపే అనుకోండి. చెప్పకే తల్లీ అన్న చూపు.

నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చాలు. కానీ ఆవిడ "మా వాడు" అంది, ఈయన "మా మేనేజరు" అన్నాడు. మా, మా! ఆ మాట ఆ ఇద్దరి నోటా కలిసి విని ఎన్నాళ్ళయిందో. మింగేశాను. గుటుక్కుమని చప్పుడు కూడా వచ్చింది.

వదిన విసురుగా వెనక్కి తిరిగింది. కాలు వెళ్ళి ఈ పెడలుమీద పడింది. పెడలు కిందికెళ్ళింది, చక్రం గిర్రున తిరిగింది, ఆవిడ చీర కొంగు ఆకుల్లో చిక్కింది. మనిషి పడబోతోంది. అన్నయ్య ఒక్క దూకులో వెళ్ళి వదినని పట్టుకున్నాడు. రాట్నాన్ని మాత్రం ఎవరూ పట్టుకోలేదు.

అదండీ సంగతి.

రెండు చిలపలూ తీసుకునే వెళ్ళారు లెండి, కల్తీ సరుకని అంత తిట్టి కూడా. కిటికీలోంచి చూశాను. ఆయన కారులో ఎక్కింది ఆవిడ. ఎక్కి కూడా చాలాసేపు కదల్లేదు కారు. లోపల ఇద్దరూ చేతులు ఊపుకుంటూ మాట్లాడుకుంటున్నారు. దేని గురించనుకున్నారు? నా గురించే!

ఇప్పుడు వదిన పెట్టె మళ్ళీ అన్నయ్యింటికి చేరింది. కబురు బయటివాళ్ళ ద్వారా తెలిసింది నాకు. అన్నయ్య కూర తరిగే పద్ధతి గురించి మాట్లాడ్డం లేదట. వదిన అలగడం లేదట. దానికి తీరికేదీ? పొద్దస్తమానం నన్ను తిట్టుకోవడంతోనే సరిపోతోంది. చుట్టాలందరికీ చెప్తున్నారు, సొంత చెల్లెలే కదా అని నమ్మితే ఎంత పని చేసిందో చూడండి అని. నేనెన్నేళ్ళు మధ్యలో కూచుని నీతులు చెప్పాను వాళ్ళకి! అతకలేదు. ఇలా అతికారు.

వదినకి నిజం చెప్పొచ్చు కదా అంటారా? చెప్తే? ఆయన ఆ పెద్ద ఇంట్లో మళ్ళీ ఒక్కడే. సోఫాకి కొత్త గుడ్డ కూడాను. మా ఆయనకి కూడా చెప్పలేదు, మీకే చెప్పాను. మీరు వాళ్ళింటికి ఏ తలుపు పనికైనా వెళ్తే మాత్రం నోరు జారకండి, మీకు పుణ్యముంటుంది.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడండీ. గుసగుసగా మాట్లాడుతున్నాడు, వెనకాల కుళాయి చప్పుడు. "చెల్లాయ్, కొన్నాళ్ళు ఇటు రాకే. మీ వదిన ఇంకా మండిపడుతోంది. నేను నచ్చజెప్తున్నాననుకో. ఏదో తెలియక చేసింది, చిన్నది, క్షమించెయ్యి అని రోజూ చెప్తున్నాను."

నా తరఫున! ఆయన! నచ్చజెప్తున్నాడట!

నేనేమన్నానో తెలుసా మేస్త్రిగారూ? "చాలా థాంక్స్ అన్నయ్యా" అన్నాను.